రైలెక్కి వచ్చిన ముత్తాత జాడ

2025 నవంబరు 4న ఛత్తీస్‌గఢ్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైంది. రాయ్‌పూర్‌లోని మిగతా పేటల్లాగే మోవాలోనూ బూత్ స్థాయి అధికారులైన బీఎల్‌ఓలు ఇంటింటికీ తిరిగి ఫారాలు పంచారు. ముఖ్యంగా అడిగింది ఇదీ: 2003 జాబితాలో మీ పేరుందా? లేకుంటే అమ్మదో నాన్నదో ఉందా? ఉంటే ఏ నియోజకవర్గం, ఏ పార్టు, వరుస సంఖ్య ఎంత? తరాలుగా ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు అది పావుగంట పని. రైల్వే క్వార్టరు నుంచి అద్దె ఇంటికి, అద్దె ఇంటి నుంచి సొంత ప్లాటుకు మారుతూ వచ్చిన తెలుగు కుటుంబానికి అంత సులువు కాదు. అప్పట్లో నాన్న ఓటు ఏ వార్డులో ఉండేదో ఎవరికైనా గుర్తుండాలి. విజయనగరం వైపు నుంచి కాపురానికొచ్చిన కోడలైతే కన్నవాళ్ల పేర్లు వేరే రాష్ట్రం జాబితాలో వెతకాలి. దొరికాక, ఆ పేరును హిందీలో ఎలా రాశారో, తమ దగ్గరున్న కాగితంతో అది కలుస్తుందో లేదో చూసుకోవాలి.

ఇరవై రెండేళ్లు వెనక్కి వెళ్లడానికే ఇంత వెతుకులాట. ఇంకా వెనక్కి వెళితే? మన కుటుంబంలో ఇక్కడికి మొదట వచ్చినవాడు ఎవరు, ఏ ఏడాది దిగాడు, ఏ ఊరు వదిలి వచ్చాడు? రాయ్‌పూర్‌లోనూ భిలాయిలోనూ స్థిరపడిన చాలా తెలుగు ఇళ్లలో దీనికి దొరికే జవాబు రెండు ముక్కలు: ‘తాత రైల్వేలో చేసేవాడు, మాది బొబ్బిలి అవతల.’ ఆ రెండు ముక్కల నుంచి ఒక మనిషి జీవితాన్ని మళ్లీ నిలబెట్టవచ్చని నా నమ్మకం. అయితే అతని వివరాలన్నీ ఒకేచోట ఎవరూ రాసిపెట్టలేదు. పన్ను కోసం ఒకరు, జీతం కోసం ఒకరు, కలరా లెక్క కోసం ఇంకొకరు రాసుకున్న పుస్తకాల్లో అతను ముక్కలు ముక్కలుగా ఉన్నాడు.

మోవా ఒకప్పుడు విడిగా ఉన్న పల్లె. పండరి దాటి బలోదాబజార్ రోడ్డు మీదికి వస్తే తగులుతుంది. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. దానికి దగ్గర్లోంచే రాయ్‌పూర్–విజయనగరం రైలుమార్గం తూర్పుకు తిరిగి మందిర్ హసౌద్, మహాసముంద్, ఖరియార్ రోడ్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా పార్వతీపురం, బొబ్బిలి చేరుతుంది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా పట్టాలు 1908–09లోనే పడ్డాయి. అక్కణ్నుంచి కొండలు దాటి రాయ్‌పూర్‌ను అందుకోవడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 1931లో ఆ లైను పూర్తయింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, మనవాళ్ల నోట బీఎన్నార్, దాన్ని వేసింది. ఆ దారినే ఉత్తరాంధ్ర మనుషులు గ్యాంగు పనికి, ఖలాసీ పనికి, లోకో షెడ్లకు, ఆ తర్వాత 1950లలో భిలాయి ఉక్కు కర్మాగారానికి వచ్చారు. బీఎన్నార్ కార్మికుల్లో తెలుగువాళ్ల సందడి అంతకు ముందు నుంచీ ఉంది. 1928లో ఆ రైల్వే కార్మికుల సమ్మెను నడిపింది బరంపురంలో పుట్టిన వి.వి. గిరి. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయింది ఆయనే.

అలా వచ్చిన ఒక ముత్తాతను ఊహించుకుందాం. పేరు అప్పలస్వామి. ఆ పేరే ఎందుకంటే, సింహాచలం అప్పన్న మీద భక్తితో ఆ వైపు ఊరూరా పదిమందికి ఉండే పేరు అదే. వెతికేవాడికి మొదటి చిక్కూ అక్కడే.

ఓడ ఎక్కినవాడి వివరాలు ఉన్నాయి

అప్పలస్వామి రైలెక్కకుండా ఓడెక్కి ఉంటే అతన్ని పట్టుకోవడం ఇంతకంటే తేలిక. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ 342 మంది కూలీలతో బయల్దేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు డర్బన్ ఉన్న నాటాల్‌కు వెళ్లిన 1,52,184 మంది ఒప్పంద కూలీల జాబితాలు ఓడల వారీగా ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు. పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఒంటి మీద గుర్తులు. ఫిజీకి 1879–1916 మధ్య వెళ్లిన అరవై వేల పైచిలుకు మందికి వలస పాసులున్నాయి. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి కాబట్టి తెలుగువాళ్ల పాసులు ఆ తర్వాతివి. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ దేశానికి వచ్చిన కూలీల రిజిస్టర్లు దాచారు. వాటిలో కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి. డర్బన్‌లో పుట్టిన ఐదో తరం మనిషి ఆ నంబరు పట్టుకుని విశాఖ జిల్లాలో తన ఊరు వెతుక్కుంటూ రాగలడు.

ఒప్పందం కింద మనిషిని సముద్రం దాటించడానికి ప్రభుత్వం నియమించిన వలస రక్షకాధికారి సంతకం కావాలి. కూలీ పారిపోతే పట్టుకోవడానికి గుర్తులు రాయాలి. చనిపోతే బాకీ జీతం ఎవరికివ్వాలో తెలియాలి. అందుకే అంత వివరంగా రాశారు. ఆ రాతలో దయ లేదు. అయినా ఇప్పుడు మనుమలకు దారి చూపేది అదే. పార్వతీపురంలో టికెట్టు కొనుక్కుని ఛత్తీస్‌గఢ్ అప్పట్లో భాగమైన మధ్యపరగణాల్లో (సెంట్రల్ ప్రావిన్సెస్) దిగిన మనిషిని అలా ఎవరూ ఆపి అడగలేదు. దేశంలోపలి వలసకు పాసు లేదు, నంబరు లేదు, ఓడ జాబితా లేదు. టికెట్టు గేటు దగ్గర ఇచ్చేసి బయటికి నడిచాడు. మన చరిత్రకారులు సముద్రం దాటిన వలస మీద చూపినంత శ్రద్ధ ఈ రైలు వలస మీద చూపలేదని నాకు బాధ. కాగితం దొరికిన చోటుకే పరిశోధన వెళ్లింది.

జనగణన పుస్తకంలో పేరుండదు

వంశం వెతకాలనుకున్న ఎవరికైనా ముందు తట్టేది జనాభా లెక్కలు. అమెరికాలో జనగణన ఫారాలను 72 ఏళ్లు మూసి ఉంచి ఆ తర్వాత తెరుస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న బయటికొచ్చాయి. ఇంగ్లండులో 1921 ఫారాలు 2022 జనవరిలో తెరిచారు. ముత్తాత పేరు కొడితే ఇల్లు, ఇంట్లోవాళ్లు, వృత్తి, పుట్టిన చోటు ఫారంతో సహా కనిపిస్తాయి. అక్కడా అన్నీ మిగల్లేదు. ఇంగ్లండు 1931 ఫారాలు 1942లో అగ్నికి ఆహుతయ్యాయి.

మన దగ్గర ఆ తలుపు ఎన్నేళ్లకూ తెరుచుకోదు. 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం ఎన్యూమరేటరు రాసుకున్న పుస్తకాన్నీ రిజిస్టరునూ చూసే హక్కు ఎవరికీ లేదు. కోర్టులో సాక్ష్యంగానూ పనికిరాదు. అంతకుముందు బ్రిటిషు కాలంలో ఫారాల్లోంచి ఒక్కో మనిషి వివరాలు చిన్న చీటీల మీదికి ఎక్కించేవారు. మతానికో రంగు చీటీ. గూళ్ల అరల్లో వాటిని వేరుచేసి లెక్కపెట్టేవారు. లెక్క తేలాక మనుషుల పేర్లున్న కాగితాలను దాచలేదు. మిగిలినవి పట్టికలు, నివేదికలు.

అయినా ఆ పట్టికల్ని తోసిపుచ్చకూడదు. మధ్యపరగణాల 1901 నివేదిక ఆర్.వి. రసెల్ రాశాడు, 1911ది జె.టి. మార్టెన్, 1931ది డబ్ల్యు.హెచ్. షూబర్ట్. జిల్లా వారీగా తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరు, మద్రాసు రాష్ట్రంలో పుట్టి ఇక్కడ లెక్కలోకి వచ్చినవాళ్లు ఎందరు, వాళ్లలో ఆడవాళ్లు ఎందరు అన్నది ఈ సంపుటాల్లో వెతకాలి. ఆడవాళ్ల అంకె ముఖ్యం. మగవాళ్లు మాత్రమే ఎక్కువగా ఉంటే అది పనికి వచ్చి పోయే జనం. ఆడవాళ్ల సంఖ్య పెరుగుతోందంటే కాపురాలు పెడుతున్నారు. అప్పలస్వామి పేరు అందులో ఉండదు కానీ, అతను దిగిన రోజున రాయ్‌పూర్‌లో తెలుగు మాట వినబడేదా లేదా అన్నది తెలుస్తుంది. 1901లో రాయ్‌పూర్ పట్టణ జనాభా 32,114. 2011లో నగరపాలక సంస్థ పరిధిలో పది లక్షలు దాటింది. ముప్పై వేల ఊళ్లో ఒక గ్యాంగు కూలీ బతుకు ఎలా ఉంటుందో ఊహించడానికి ఆ అంకె సాయపడుతుంది.

మన కుటుంబాలకు కాలం కూడా కలిసి రాలేదు. 1931 జనగణన ఫిబ్రవరి 26 రాత్రి జరిగింది. లైను పూర్తయింది ఆ ఏడాదే. తర్వాతి లెక్క 1941లో, యుద్ధం వల్ల పట్టికలు చాలావరకు వెయ్యలేదు. అంటే ఆ లైను తెచ్చిన మొదటి తరం జనగణనలో సరిగా కనబడేది 1951లోనే. 1951లో గ్రామాల వారీగా పౌరుల జాతీయ రిజిస్టరు కూడా రాశారు. అస్సాంలో తప్ప మిగతా దేశంలో దాన్ని పట్టించుకున్నవారు లేరు.

రైల్వే సర్వీసు పుస్తకం

పేరుతో, తండ్రి పేరుతో, వేలిముద్రతో అప్పలస్వామి కనబడే మొదటి కాగితం అతని ఉద్యోగానిది. సర్వీసు రిజిస్టరులో చేరిన తేదీ, హోదా, సొంత ఊరు, ఎత్తు, పుట్టుమచ్చలు, జీతం పెరిగిన తేదీలు, బదిలీలు, జరిమానాలు ఉంటాయి. ప్రావిడెంట్ ఫండు నామినీ కాగితంలో భార్య పేరు, పిల్లల పేర్లు, వయసులు ఉంటాయి. చాలా ఇళ్లలో ముత్తవ్వ పేరు తొలిసారి కాగితం మీద పడింది ఆ నామినీ గడిలోనే.

దాన్ని వెతికే ముందు ఆ రైల్వే ఎన్ని చేతులు మారిందో తెలిసుండాలి. బీఎన్నార్ కంపెనీని 1944 అక్టోబరు 1న ప్రభుత్వం తీసుకుంది. 1952 ఏప్రిల్ 14న అది తూర్పు రైల్వేలో భాగమైంది. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే విడిగా ఏర్పడింది, ప్రధాన కార్యాలయం కలకత్తా గార్డెన్ రీచ్. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే వచ్చింది. రాయ్‌పూర్ డివిజను ఇప్పుడు దానిలోనిదే. ముత్తాత ఏ డివిజనులో రిటైరయ్యాడో అక్కడి సిబ్బంది విభాగంలో అడగాలి, పుట్టిన చోట కాదు.

రైల్వేలో పింఛను పథకం 1957 నవంబరు 16 నుంచి ఉంది. అంతకు ముందు రిటైరైనవారికి ప్రావిడెంట్ ఫండు మొత్తం ఇచ్చి పంపేవారు. అందువల్ల ఆ తేదీకి ఇటువైపు రిటైరై పింఛను ఎంచుకున్నవాడికి పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ) ఉంటుంది. 1964 నుంచి కుటుంబ పింఛను వచ్చింది కాబట్టి వితంతువు పేరు, ఆమె బతికున్న కాలం కూడా బ్యాంకు, పోస్టాఫీసు పుస్తకాల్లో దొరకవచ్చు. ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉంటే ఇవన్నీ ఆఫీసులో అడిగే ముందు అందులో చూడండి. పీపీఓ కాగితం, రైల్వే పాసు, మెడికల్ కార్డు, క్వార్టరు కేటాయించిన ఉత్తరం, యూనియను రసీదు. పెళ్లి ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంటే ఆ ఊరి పేరూ పనికొస్తుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. సర్వీసు పుస్తకంలో పుట్టిన తేదీ జులై 1 అని ఉంటే దాన్ని నమ్మి పుట్టినరోజు చెయ్యకండి. రైల్వే నిబంధన ప్రకారం ఏడాది మాత్రమే తెలిస్తే జులై 1 అని, నెల కూడా తెలిస్తే ఆ నెల 16 అని రాస్తారు. చదువురాని కూలీ తన వయసు ఇరవై అనో ఇరవై అయిదనో చెబితే, నమోదు చేసిన రోజుకు అంత వయసు నిండినట్టు లెక్కగట్టి తేదీ వేసేవారు. మనకు తెలిసేది ఆ ఏడాది ప్రాంతంలో పుట్టాడని మాత్రమే.

మిసల్, దాఖిల్ ఖారిజ్

మోవాలో మన పక్కింటి ఛత్తీస్‌గఢియా రైతు కుటుంబానికి ముత్తాత పేరు కావాలంటే మిసల్ బందోబస్తు కాగితం తీయిస్తారు. బ్రిటిషు కాలపు భూమి సెటిల్‌మెంటులో ఊరి ఖాతాదారుల పేర్లు, తండ్రి పేర్లు, కులాలు రాసిన దస్త్రం అది. దాని తర్వాత 1954–55 అధికార్ అభిలేఖ్ (హక్కుల దస్త్రం). ఆ మధ్యలో 1951 మార్చి 31న భూమి పన్ను వసూలు చేసే భూస్వాముల పద్ధతి, మాల్‌గుజారీ రద్దయింది. ఇప్పటి ఖస్రా, బి–1 భూమి పత్రాల వివరాలు ‘భుయియాఁ’ వెబ్‌సైటులో ఉన్నాయి. పాతవి జిల్లా రికార్డు గదిలో నకలు అడగాలి.

అప్పలస్వామికి ఇక్కడ సెంటు భూమి లేదు. అందుకే మిసల్‌లో అతను లేడు. ఈ లోటు పరిశోధకుడి కుతూహలంతో ఆగేది కాదు, బతుకు సమస్య. ఛత్తీస్‌గఢ్‌లో కులధ్రువపత్రం కావాలంటే షెడ్యూల్డు కులాలవారు 1950 ఆగస్టు 10 నాటికి, షెడ్యూల్డు తెగలవారు 1950 సెప్టెంబరు 6 నాటికి, ఇతర వెనుకబడిన తరగతులవారు 1984 డిసెంబరు 26 నాటికి తమ పెద్దలు ఇక్కడే ఉన్నట్టు కాగితం చూపాలి. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారికి కొత్త రాష్ట్రంలో రిజర్వేషను చెల్లదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. ఆయన తెనాలిలో పుట్టి బొంబాయిలో పెరిగిన తెలుగువాడే. ముత్తాత ఎప్పుడు రైలు దిగాడన్న ప్రశ్నకు మునిమనుమరాలి కాలేజీ సీటు ముడిపడి ఉన్న ఇళ్లు రాయ్‌పూర్‌లో ఉన్నాయి.

ఇలాంటి కుటుంబాలకు నేను ముందుగా చెప్పేది బడి. పాత ప్రాథమిక పాఠశాలల్లో ‘దాఖిల్ ఖారిజ్’ రిజిస్టరు ఉంటుంది. చేరిన పిల్లవాడి పేరు, తండ్రి పేరు, కులం, తండ్రి వృత్తి, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ. అప్పలస్వామి తానుగా ఎక్కడా లేకపోయినా అతని కొడుకు పక్కన తండ్రిగా ఉంటాడు. అధికారులు కూడా ఈ రిజిస్టరును ఒప్పుకుంటారు. రైల్వే కాలనీల పక్కనున్న బడులు, పాత మునిసిపల్ బడులు ముందు చూడాలి.

చూసేటప్పుడు హిందీ గుమస్తా చెవి ఎలా విందో ఆలోచించాలి. అప్పలస్వామిని ‘అపల్ సామీ’ అని, సింహాచలాన్ని ‘సిమాచలం’ అని, పైడితల్లిని ‘పైడీ’ అని రాసి ఉండవచ్చు. ఇంతకన్నా పెద్ద నష్టం ఇంటిపేరుది. ఇక్కడివాళ్లు పేరు చివర ఉన్న మాటే ఇంటిపేరు అనుకుంటారు. అలా మన రావులూ నాయుళ్లూ స్వాములూ ఇంటిపేర్లైపోయి, అసలు ఇంటిపేరు ముందు పొడి అక్షరమై, రెండో తరానికి అదీ పోయింది. సొంత ఊళ్లో పదిమంది అప్పలస్వాముల్లోంచి మనవాణ్ని వేరుచేసేది ఆ ఇంటిపేరే. తెలుగు ఇంట్లో ఇంకా ఎవరికైనా అది పూర్తిగా గుర్తుంటే ఈ వారమే రాసిపెట్టుకోండి.

సొంత ఊరి దస్త్రాలు

ఇంటిపేరు, ఊరు చేతికొచ్చాక రైలు వెనక్కి ఎక్కాలి. ఊరు ఏ జిల్లాలో ఉందన్నది కూడా కాలాన్నిబట్టి మారుతుంది. పార్వతీపురం దగ్గరి పల్లె 1950 ఆగస్టు 15 దాకా విశాఖపట్నం జిల్లా. అక్కణ్నుంచి 1979 జూన్ 1 దాకా శ్రీకాకుళం. తర్వాత విజయనగరం. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. రాయగడ వైపు ఊరైతే 1936 ఏప్రిల్ 1న ఒడిశాలోకి వెళ్లిపోయింది. సర్వీసు పుస్తకంలో ‘జిల్లా వైజాగ్’ అని ఉంటే నేటి విశాఖలో వెతికి ఊరు లేదనుకోకూడదు.

ఆ నేల చాలావరకు జమీందారీ. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, మేరంగి ఎస్టేట్ల రైతు పేర్లు జమీందారు కచేరీ లెక్కల్లో ఉండేవి. వాటిలో మిగిలినవి తక్కువ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే జరిగి సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్, రెవెన్యూ ఆఫీసుల్లో ఎస్‌ఎఫ్‌ఏ అంటారు, తయారైంది. 1950లలో ఆ ఊళ్లో ఎవరి పేరున ఏ భూమి ఉందో అందులో ఉంటుంది. అప్పలస్వామి అప్పటికే రాయ్‌పూర్‌లో ఉన్నా అతని అన్నదమ్ముల పేర్లు దొరుకుతాయి. ఇనాము భూమి ఉన్న కుటుంబాలైతే ఇంకా అదృష్టవంతులు. 1860ల ఇనాం కమిషను రాయించిన ఫెయిర్ రిజిస్టర్లలో ఇనాం మొదట ఎవరికిచ్చారో, అప్పటి అనుభవదారు ఎవరో, వారి వరుస ఏమిటో ఉంది.

భూమే లేనివాళ్ల మాటేమిటి? వాళ్లకు నాకు తెలిసిన మంచి దారి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు. దస్తావేజులో అమ్మినవాడి, కొన్నవాడి పేర్లతో పాటు చతుర్హద్దులు రాస్తారు. తూర్పున ఫలానావారి ఇల్లు, ఉత్తరాన ఫలానావారి కళ్లం. కింద సాక్షులు, రాసినవాడు. మనవాడు ఏదీ అమ్మకపోవచ్చు, కొనకపోవచ్చు. పక్కవాడు అమ్మినప్పుడు హద్దుగానో సాక్షిగానో అతని తండ్రి పేరు పడి ఉండవచ్చు. ఆ ఊళ్లో ఆ వీధిలో ఆ ఇల్లుండేదనడానికి అంతకన్నా గట్టి రుజువు అరుదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, అందులోని పాత నంబర్ల దస్తావేజులకు నకళ్లు అడగాలి. ఓపిక పట్టాల్సిన పని ఇది. కరణాలు ఉన్న రోజుల్లో వాళ్ల నోటినుంచే సగం తెలిసేది. 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యాక పుస్తకాలు మండలాఫీసులకు చేరాయి కానీ, ఏ ఇల్లు ఎవరిదో చెప్పే జ్ఞాపకం ఆ పుస్తకాలతో రాలేదు.

తేదీల విషయంలో కూడా రెండు లోకాలు. అక్కడి రెవెన్యూ కాగితం మీద ఫసలీ ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఏడాది జులై నుంచి లెక్క. ఫసలీ 1341 అంటే 1931 జులై నుంచి 1932 జూన్ దాకా. ఇక్కడి హిందీ కాగితంలో సంవత్ ఉంటే 57 తీసెయ్యాలి.

కోట్వార్ పుస్తకం

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో చావుపుట్టుకలు చెప్పే బాధ్యత ఊరి కావలివాడైన కోట్వార్‌ది. మధ్యపరగణాల కాలంలో అతను తన పుస్తకం పట్టుకుని పోలీసు ఠాణాకు వెళ్లి ఊళ్లో పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ రాయించేవాడు. మద్రాసు వైపు 1899 చట్టం కింద గ్రామ మునసబు రాసేవాడు. 1886లో వచ్చిన జనన మరణ వివాహ నమోదు చట్టం ఇష్టమున్నవాళ్లకే. దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చి, 1970 నుంచి చాలా రాష్ట్రాల్లో అమలైంది. దాని 17వ సెక్షను కింద ఎవరైనా రిజిస్టరులో వెతికించి నకలు తీసుకోవచ్చు. మరణ నకలులో మాత్రం ఏ కారణంతో పోయారో రాసివ్వరు.

పాత జనన రిజిస్టరులో పిల్లవాడి పేరుతో వెతికితే దొరకదు. పుట్టిన వారంలో రాసిన పుస్తకం కాబట్టి ‘మగ శిశువు’ అనే ఉంటుంది. తండ్రి పేరుతో, ఊరితో, ఏడాదితో వెతకాలి. ‘రికార్డు లేదు’ అని ధ్రువపత్రం ఇస్తే అదీ దాచుకోవాలి. ఎక్కడ వెతికారో చెప్పే కాగితం అది, వేరే దరఖాస్తులకు పనికొస్తుంది.

మరణాల పుస్తకంలో కారణాల గడులు తక్కువ: కలరా, మశూచి, ప్లేగు, విరేచనాలు, దెబ్బలు, జ్వరం. వీటిలో చేరనివి చాలావరకు జ్వరంలో పడేవి. 1918 అక్టోబరు, నవంబరు నెలల్లో ఇన్‌ఫ్లుయెంజా దేశంలో అత్యంత దారుణంగా కొట్టిన చోట్లలో మధ్యపరగణాలు ఒకటి. 1921 లెక్కలో ఆ రాష్ట్ర జనాభా పదేళ్ల కిందటికన్నా తగ్గింది. ఆ నెలల రిజిస్టరులో వరుసగా జ్వరం, జ్వరం, జ్వరం అని కనబడితే అది మామూలు జ్వరం కాదు.

ఇక్కడ ఇంట్లో ఉన్న జ్ఞాపకం రిజిస్టరు కంటే ముందుంటుంది. తద్దినం పెట్టే ఇంట్లో ముత్తాత పోయిన నెల, పక్షం, తిథి తెలుసు. ఏడాది తెలియదు. ఒక్కోసారి ముసలమ్మ నోట సంవత్సరం పేరు వస్తుంది: ‘కాళయుక్తిలో పోయారు’ అని. కాళయుక్తి 1918–19, మళ్లీ 1978–79. ఆ రెండిటిలో ఏదో పోల్చుకోవడం కష్టం కాదు. తర్వాత ఆ ఏడాది పంచాంగం తీసి తిథికి తేదీ కట్టి, ఆ వారం పుస్తకం చూపించమని అడగాలి. తేదీ తెలిసి అడిగిన మనిషికి గుమస్తా కూడా కాస్త మర్యాద ఇస్తాడు.

ఆమె పేరు

ఇప్పటిదాకా చెప్పిన కాగితాలన్నీ అప్పలస్వామి చుట్టూ తిరిగాయి. అతని భార్య కథ వేరు. మొదటి సాధారణ ఎన్నికల ఓటరు జాబితాల నుంచి దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ల పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని తప్ప సొంత పేరు చెప్పలేదు వాళ్లు. మిసల్‌లో వితంతువైతేనే పేరు వచ్చేది. దస్తావేజులో మైనరు కొడుక్కి గార్డియను అయితే వచ్చేది. సర్వీసు పుస్తకంలో నామినీగా వచ్చింది. రైల్వే పాసు మీద ‘భార్య, ఒకరు’.

ఆమె కన్నవారి ఇంటిపేరు ఏ ప్రభుత్వ కాగితంలోనూ దాదాపుగా దొరకదు. అది బతికున్న ఆడవాళ్లకే తెలుసు, పెళ్లిసంబంధాలు చూసేటప్పుడు ఇంటిపేర్లు తిప్పి తిప్పి మాట్లాడుకునేది వాళ్లే కాబట్టి. రాయ్‌పూర్‌లో తెలుగు పెళ్లి జరిగినప్పుడు పందిట్లో కూర్చున్న డెబ్బై, ఎనభై ఏళ్ల మామ్మల దగ్గర చేరి అడగండి. ‘మామ్మా, మీ అత్తగారిది ఏ ఊరు? వాళ్లింటిపేరేంటి? తాతతో పాటు ఊరినుంచి ఇంకెవరెవరు వచ్చారు? మొదట ఏ క్వార్టరులో దిగారు? పురుడుకి ఏ ఊరెళ్లారు?’ చివరి ప్రశ్న మరవకండి. మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. పెద్దబిడ్డ జనన నమోదు రాయ్‌పూర్‌లో లేకపోతే ఆ పుట్టింటి ఊళ్లో ఉండవచ్చు. ఆ ఒక్క ఎంట్రీ ఆమె ఊరినీ, ఆమె తండ్రి ఇంటినీ కూడా బయటపెట్టగలదు. ఫోనులో రికార్డు చేసుకోండి. ఒక పేరు తప్పు విన్నా మళ్లీ వినే వీలుంటుంది.

ఇవన్నీ రాసిపెట్టుకోవడానికి ఒక సందర్భం కూడా ఉంది: 2027 జనగణన. మార్చి 1 దాని ప్రమాణ తేదీ. ఇళ్ల జాబితా పని 2026 ఏప్రిల్–సెప్టెంబరు మధ్య. కాగితం లేకుండా మొబైలు యాప్‌తో లెక్క. 1931 తర్వాత మొదటిసారి అన్ని కులాల గణన కూడా ఉంటుంది. ఈసారి కూడా ఆ వివరాలు 15వ సెక్షను కిందే మూతబడతాయి. ఎన్యూమరేటరుకు చెప్పిన జవాబులనే ఇంట్లో ఒక పుస్తకంలోనూ రాసి, దాంతో పాటు తాతల ఊళ్లు, అమ్మమ్మల ఇంటిపేర్లు చేర్చిపెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇలా పోగుచేసిన కాగితాలు ఒకదానితో ఒకటి కలవవు. అప్పలస్వామి రైల్వే లెక్కలో 1912 జులై 1న పుట్టాడనుకోండి. కొడుకు దాఖిల్ ఖారిజ్‌లో గుమస్తా అదనంగా రాసిన తండ్రి వయసును బట్టి కడితే 1908 వస్తుంది. మామ్మ చెప్పేదాన్ని బట్టి రాక్షసలో, అంటే 1915–16లో, ‘పరుగెత్తి ఆడుకునే గుంటడు’. ఉద్యోగం కోసం వయసు తగ్గించుకుని చెప్పి ఉండవచ్చు. బడి గుమస్తా అంచనా వేసి ఉండవచ్చు. వీటిలో ఒకటి నిజమని తేల్చి మిగతావి చెరిపేస్తే తర్వాత వచ్చేవాడికి దారి మూసినట్టే. మూడు తేదీలూ రాసి, ఏది ఏ పుస్తకంలోదో, దాన్ని ఎవరు ఏ అవసరానికి రాశారో, మనం చూసిన తేదీ ఏదో పక్కనే రాయాలి. నకలు నంబరు కూడా.